ఎర్ర రంగు ఊరి దాకా రావాలి

హైదరాబాద్

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అరకు, అనంతగిరి ఘాట్‌లకు కొండచరియల ముప్పు మ్యాప్ వేసే పని నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. వచ్చే వారానికే మోడల్ నడిపి చూపిస్తానన్నావట. అక్కడే ఆగమ్మా. మోడల్ నడపడం రెండు రోజుల పని. ఆరు నెలల గడువుంటే అందులో మూడు నెలలు పాత చరియల జాబితాకు, ఒక నెల లేయర్లు (వాలు, రాయి లాంటి ఒక్కో సంగతికి ఒక్కో మ్యాప్ పొర) సరిచేయడానికి, కనీసం పదిహేను రోజులు కొండ మీద తిరగడానికి పోతాయి. పోవాలి కూడా.

ముందు నువ్వు వేసేది ఏ మ్యాపో తేల్చుకో. మనవాళ్ళు మూడు రకాలనూ కలిపి రిస్క్ మ్యాప్ అనేస్తారు. ఏ వాలుకు జారే స్వభావం ఉందో చూపేది ససెప్టిబిలిటీ. ఎంత కాలానికోసారి, ఎంత పెద్దది జారుతుందో కూడా చెబితే హజార్డ్. కింద ఎన్ని ఇళ్ళు, ఎందరు మనుషులు, ఏ బడి, ఏ రైలు పట్టాలు ఉన్నాయో, వాటికి ఎంత దెబ్బ తగులుతుందో లెక్క కట్టినప్పుడే రిస్క్. జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) 2014లో మొదలుపెట్టి 1:50,000 స్కేలులో దేశంలోని కొండ ప్రాంతాలకు వేసినది మొదటి రకం. వాళ్ళ భూకోశ్ పోర్టల్‌లో చూడు. అది నీకు పునాదిగా పనికొస్తుంది, నీ పని అక్కడితో అయిపోదు.

ఎందుకంటే, 2024 జులై 30న తెల్లవారకముందు కేరళలోని వయనాడ్‌లో కొండ విరిగిపడినప్పుడు ఏం జరిగిందో చూడు. మన బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహ చిత్రాలతో కొలిచిన లెక్క ఇది: పైన విరిగిన భాగం సుమారు 86,000 చదరపు మీటర్లు, అంటే ఇరవై ఒక్క ఎకరాలు. అక్కడి నుంచి బురద, బండలు ఏటి వెంట దాదాపు 8 కిలోమీటర్లు పోయాయి. ముండక్కై, చూరల్‌మల ఊళ్ళు ఏటి ఒడ్డున, వాలు తగ్గిన చోట ఉన్నాయి. వాలు చూసి రంగు వేసే మ్యాప్‌లో అలాంటి చోటు పచ్చగానే, అంటే ముప్పు లేనట్టే వస్తుంది. చరియ పైన పుడుతుంది, ప్రాణాలు కింద పోతాయి. అందుకని ముప్పు చూపే నీ ఎర్ర రంగు ఊరి దాకా దిగి రావాలి. అదెలాగో కాసేపట్లో చెబుతాను.

ఆ వయనాడ్ చిత్రాల్లోనే ఇంకో సంగతి ఉంది. విరిగిన చోట అంతకుముందే ఒక పాత చరియ గుర్తు కనిపించింది. జారిన కొండ మళ్ళీ జారుతుంది. జాబితాకు మూడు నెలలు ఇవ్వమన్నది అందుకే.

జాబితా అంటే చుక్కలు పెట్టడం కాదు, ప్రతి చరియ హద్దు చుట్టూ పాలిగన్‌లు గీయడం. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు వెనక్కి తిప్పుతూ చూడు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల పిక్సెల్‌తో 2015 నుంచి ఉన్నాయి. ఎనిమిదో బ్యాండ్, నాలుగో బ్యాండ్ తీసుకుని, వాటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ వస్తుంది. వానకు ముందు, తరువాత విలువలు తీసివేసి, ఒక్కసారిగా పడిపోయిన చోట్లు వెతుకు. రెండు చిత్రాలూ ఒకే నెలవి కావాలి, ఈ ఏటి జనవరి, పై ఏటి జనవరి అన్నట్టు. మేలో ఒకటి, డిసెంబరులో ఒకటి తీసుకుంటే ఎండ వాలు మారి, నీడ పడిన పడమటి, ఉత్తరపు వాలులన్నీ చరియల్లా కనిపిస్తాయి. మబ్బు వదలని నెలలకు సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఉన్నా, కొత్తవాళ్ళ కంటికి అవి ఒక పట్టాన లొంగవు. మొదట్లో వాటిని ‘ఫలానా తేదీల మధ్య జారింది’ అని తేల్చుకోవడానికి మాత్రమే వాడు.

ఆ కొండల్లో నిన్ను బాగా మోసం చేసేది పోడు. అడవి నరికి కాల్చిన నేల చెక్క చిత్రంలో అచ్చం చరియలా ఎర్రమట్టి రంగులో ఉంటుంది. తేడా ఇలా పట్టుకో. పోడు చెక్క అంచులు మనిషి గీసినట్టు ఉంటాయి, వాలుకు అడ్డంగానూ విస్తరిస్తుంది, వేసవిలో కాలుస్తారు కాబట్టి వానలకు ముందే బయటపడుతుంది. చరియ గాయం వాలు వెంట నిలువుగా సాగుతుంది, పైన గిన్నె అంచులా వంపు, మధ్యలో సన్నని దారి, కింద విసనకర్రలా పరుచుకున్న మట్టి ఉంటాయి. వానల తరువాతే కనబడుతుంది. రాతి క్వారీలు కూడా ఇలాగే మోసం చేస్తాయి కానీ వాటికి లారీ బాట ఉంటుంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ముందూ వెనకా చిత్రాలు పోలిస్తే ఇంకా జాగ్రత్త. కాఫీ తోటల నీడ చెట్లు కూలడం వల్ల కొండలకు కొండలే పచ్చదనం పోగొట్టుకున్నాయి. అదంతా చరియల లెక్కలో వేస్తే జాబితా పాడైపోతుంది.

ప్రతి పాలిగన్‌కూ ఈ వివరాలు రాసుకో: ఏ రకం (మట్టి జారిందా, బండ దొర్లిందా, బురద ప్రవాహమా), ఏ తేదీల మధ్య, ఏ చిత్రంలో కనిపించింది, నీకెంత నమ్మకం, కొండ మీద కళ్ళారా చూశావా లేదా. నాలుగు పిక్సెళ్ళ కంటే చిన్నదాన్ని, అంటే సెంటినెల్‌లో 400 చదరపు మీటర్ల లోపు దాన్ని, చిత్రం ఒక్కటే చూసి నమ్మకు. అన్నిటికంటే ముఖ్యం, పుట్టిన చోటును, పారిన దారిని రెండు వేర్వేరు పాలిగన్‌లుగా గీయి. చాలామంది మొత్తానికి ఒక పాలిగన్ గీసి దాని నడుమ బిందువు తీసుకుంటారు. పొడవాటి బురద ప్రవాహంలో ఆ బిందువు వాగు అడుగున, 8 డిగ్రీల వాలులో పడుతుంది. అప్పుడు మోడల్ నేర్చుకునేది ఏమిటి? తక్కువ వాలులే జారతాయని! బిందువు కావలిస్తే పైన విరిగిన అంచు దగ్గర పెట్టు.

బండలు దొర్లిన వాటిని మట్టి చరియలతో కలపకు. తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండలు పడటానికి, అరకులో ఎర్రమట్టి జారడానికి కారణాలు వేరు. 55 డిగ్రీలు దాటిన వాలు మీద మట్టి నిలవదు, జారడానికి అక్కడ ఏమీ ఉండదు, పడితే బండే పడుతుంది. రెండూ కలిపితే వాలుకూ చరియలకూ ఉన్న సంబంధం గజిబిజి అవుతుంది.

హైదరాబాద్‌లో పెరిగిన కంటికి ఇంకో చిక్కు. బంజారాహిల్స్‌లోనో మౌలాలిలోనో బండ మీద బండ యుగాల నుంచి కదలకుండా నిలబడి ఉండటం చూస్తూ పెరిగావు. అది గట్టి గ్రానైట్, పైన మట్టి పొర దాదాపు లేదు. అరకు వైపు రాళ్ళు ఖొండలైట్, చార్నోకైట్. ఖొండలైట్ వానకు కుళ్ళినట్టు మెత్తబడి మందపాటి ఎర్రమట్టి అవుతుంది. వాన నీరు ఆ మట్టిలో ఇంకి, కింద ఉన్న గట్టి రాతి దగ్గర ఆగి, మట్టిని పైకి తేల్చినట్టు చేస్తుంది. వాలు చూడటానికి మామూలుగానే ఉంటుంది, ఒక్క రాత్రి వానకు జారిపోతుంది. కాబట్టి రాయి పేరు ఒక్కటే లేయర్‌లో పెడితే చాలదు, అది ఎంత కుళ్ళింది, పైన మట్టి ఎంత మందం అన్నదే అసలు సంగతి. రాతి పొరలు వంగిన దిక్కును వాలు దిక్కుతో పోల్చే లేయర్ ఒకటి చేసుకో. పొర, వాలు ఒకే వైపు వంగి, పొర వంపు వాలు కంటే కాస్త తక్కువగా ఉన్న చోట ముప్పు ఎక్కువ. జియాలజీ మ్యాప్‌లో ఉన్న వంపు కొలతలు కొన్నే ఉంటాయి. అవి చాలకపోతే బండ్లగూడ జీఎస్‌ఐలో ఆ షీట్ల సంగతి తెలిసినవాళ్ళను అడుగు. సిటీ బస్సు ఎక్కితే చేరే దూరంలో అంత జ్ఞానం ఉంది, మొహమాటపడకు.

ఇప్పుడు డీఈఎం, అంటే పిక్సెల్ పిక్సెల్‌కూ ఎత్తు చెప్పే ఫైలు. భువన్‌లో దొరికే కార్టోడెమ్, ఎస్‌ఆర్‌టీఎమ్, కోపర్నికస్ మూడూ 30 మీటర్లవే. ఆలోస్ పేరుతో 12.5 మీటర్లది ఉచితంగా దొరుకుతుంది, దాన్ని చూసి మురిసిపోకు. అందులో ఎత్తులు చాలా చోట్ల పాత ఎస్‌ఆర్‌టీఎమ్‌నే చిన్న పిక్సెళ్ళుగా కోసి పెట్టినవి. పిక్సెల్ చిన్నదైంది, సమాచారం పెరగలేదు. పైగా ఇవన్నీ నేల ఎత్తు కాక చెట్ల తలల ఎత్తు చూపుతాయి. కాఫీ తోట మీద సిల్వర్ ఓక్ చెట్లు 20 మీటర్లు ఉంటే, తోట అంచున డీఈఎంలో 20 మీటర్ల గోడ లేస్తుంది, వాలు లేయర్‌లో లేని కొండ పుడుతుంది. వాలు మ్యాప్ మీద తోటల హద్దులు వేసి చూస్తే ఈ దొంగ వాలులు దొరికిపోతాయి.

అరకు వెళ్ళేలోపు ఒక ఆదివారం మౌలాలి గుట్ట ఎక్కు. ఫోన్‌లో క్లైనోమీటర్ యాప్‌తో ఇరవై చోట్ల వాలు కొలిచి, అవే చోట్ల డీఈఎం ఏమంటోందో పోల్చు. అంత నిటారు గుట్ట 30 మీటర్ల పిక్సెల్‌లో ఎంత మొద్దుబారిపోతుందో నీకే తెలుస్తుంది. ఘాట్ రోడ్డు కోసం తవ్విన 6 మీటర్ల కోత ఆ డీఈఎంలో అసలు ఉండదు. రోడ్డు పక్కన జారేవి ఎక్కువగా ఆ కోతలే. అందుకే కోతల ఎత్తు, వాలు నడిచి కొలుచుకురావాల్సిందే.

యూటీఎం జోన్ (దూరాలను మీటర్లలో కొలిచే మ్యాప్ పట్టీ) విషయంలో పొరపాటు చేయకు. హైదరాబాద్, అరకు రెండూ 44 ఉత్తరంలోనే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. రేపు ఎవరైనా వయనాడ్ ఇస్తే అది 43, అలవాటుకొద్దీ 44 పెట్టేస్తారు. డౌన్‌లోడ్ చేసిన డీఈఎం అక్షాంశ రేఖాంశాల్లో ఉంటుంది. అలాగే వాలు లెక్కిస్తే ఎత్తు మీటర్లలో, దూరం డిగ్రీల్లో ఉండి ప్రతిదీ 89 డిగ్రీల గోడై కూర్చుంటుంది. ముందు మీటర్లలోకి మార్చు. మార్చేటప్పుడు ఎత్తుకు పక్క అంకెల సగటు తీసే బైలీనియర్, రాతి రకం, భూవినియోగం లాంటి తరగతులకు దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునే నియరెస్ట్ నైబర్ వాడు. తారుమారైతే 3వ నంబరు రాయికీ 5వ నంబరు రాయికీ మధ్య అక్కడ లేని నాలుగో రాయి పుట్టుకొస్తుంది. అన్ని లేయర్లూ ఒకే పిక్సెల్ కొలత, ఒకే హద్దు, ఒకే మూల నుంచి మొదలవ్వాలి. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో అలైన్ రాస్టర్స్ ఆ పని చేసిపెడుతుంది. గుంటలు పూడ్చిన డీఈఎం నీటి దారులకు మాత్రమే వాడు, వాలుకు పూడ్చనిదే మంచిది.

లేయర్లు పదిహేను పెట్టకు. వాలు, నేల వంపు (గుంటలా ఉందా, ఉబ్బి ఉందా), రాయి, మట్టి మందం, భూవినియోగం, నీరు చేరే తీరు, పొరల దిక్కు, రోడ్డు కోత చాలు. ఆస్పెక్ట్ (వాలు ఏ దిక్కుకు చూస్తోందో) పెడితే ఎనిమిది దిక్కులుగా విడగొట్టి పెట్టు. అంకెగా పెడితే 1 డిగ్రీ, 359 డిగ్రీలు పక్కపక్కన ఉన్నా మోడల్‌కు ఆమడ దూరం.

‘రోడ్డు నుంచి దూరం’ లేయర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రోడ్డు మీద, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం మీద పడిన ప్రతి రాయీ రికార్డుల్లోకి ఎక్కుతుంది, ఎందుకంటే రాకపోకలు ఆగుతాయి. అడవి లోపల గూడెం వెనక జారినది ఎవరి పుస్తకంలోకీ ఎక్కదు. అలాంటి జాబితాతో మోడల్ నడిపితే అది కొండను కాక రికార్డు రాసేవాడి దారిని నేర్చుకుంటుంది. అడవి మధ్య గూడేలు పచ్చగా వస్తాయి. చిత్రాల్లో దొరికినవి, రికార్డుల్లో దొరికినవి వేర్వేరుగా గుర్తు పెట్టి, రోడ్డు లేయర్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి నడుపు. తేడా ఎంతుందో రిపోర్టులో రాయి.

మొదటి మోడల్ చేత్తో లెక్కించగలిగేదై ఉండాలి. ఫ్రీక్వెన్సీ రేషియో తీసుకో. నీ ప్రాంతం 360 చదరపు కిలోమీటర్లు అనుకుందాం, 30 మీటర్ల పిక్సెళ్ళు 4 లక్షలు అవుతాయి. చరియలు పుట్టిన పిక్సెళ్ళు 800. ఆ 4 లక్షల్లో 25 నుంచి 35 డిగ్రీల వాలు 60,000 పిక్సెళ్ళు, అంటే మొత్తంలో 15 శాతం. చరియల్లో 360 అక్కడే ఉంటే 45 శాతం. 45ను 15తో భాగిస్తే 3. అంటే సగటు కంటే మూడింతలు. 15 డిగ్రీల లోపు వాలు ప్రాంతంలో సగం ఉండి, చరియల్లో 10 శాతమే ఉంటే 0.2. ప్రతి లేయర్‌కూ ఇలా చేసి, లాగరిథమ్ తీసి కూడితే మొదటి మ్యాప్ వస్తుంది. ఏ తరగతిలోనైనా ఒక్క చరియా లేకపోతే సున్నాకు లాగరిథమ్ లేదు, పక్క తరగతితో కలిపెయ్. ఏ లేయర్ అంకె అయినా నీ జియాలజీ బుద్ధికి ఎదురుగా వస్తే అక్కడ ఆగి చూడు, నూటికి తొంభై పాళ్ళు జాబితాలోనో అలైన్‌మెంట్‌లోనో తప్పు ఉంటుంది. రాండమ్ ఫారెస్ట్ లాంటి మెషిన్ లెర్నింగ్ మోడల్ ఆ తప్పును కనపడకుండా మింగేస్తుంది. అందుకే దాన్ని రెండోసారికి ఉంచమంటాను.

చరియల జాబితా బొత్తిగా దొరకని చోట భారత ప్రమాణం ఐఎస్ 14496 రెండో భాగం, 1998 నాటిది, పనికొస్తుంది. అందులో రాయికి 2, నిర్మాణానికి 2, వాలుకు 2, సాపేక్ష ఎత్తుకు 1, భూవినియోగానికి 2, భూగర్భజలానికి 1, మొత్తం 10 మార్కులు. 6 దాటితే ముప్పు ఎక్కువ, 7.5 దాటితే చాలా ఎక్కువ. వాన, భూకంపం అందులో లెక్కకు రావు. ఆ మార్కులు తూర్పు కనుమలను చూసి పెట్టినవి కావు కాబట్టి గుడ్డిగా నమ్మకు, నీ మ్యాప్‌కు పక్కన పెట్టి పోల్చి చూడు.

పరీక్ష దగ్గర చాలామంది తెలియకుండానే తమను తాము మోసం చేసుకుంటారు. పిక్సెళ్ళను 70, 30గా కలగాపులగంగా విడగొడితే ఒకే చరియ పిక్సెళ్ళు రెండు వైపులా పడతాయి, అంటే ప్రశ్నపత్రం ముందే చూసినట్టే. విడగొట్టేది పాలిగన్‌ల వారీగా, వీలైతే కాలం వారీగా: 2019 వరకు ఉన్నవాటితో నేర్పు, తరువాతివాటితో పరీక్షించు. చరియలు లేని నమూనాలను అరకు లోయ చదును పొలాల్లోంచి తీసుకోకు. చదునుకూ కొండకూ తేడా ఎవరైనా చెబుతారు. అలా చేస్తే ఏయూసీ (మోడల్ ఎంత సరిగ్గా విడదీస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.95 వస్తుంది, దాంతో గూడెంవాళ్ళకు ఒరిగేదేమీ లేదు. 5 డిగ్రీల లోపు నేలను ముసుగేసి తీసెయ్. అప్పుడు 0.80 వస్తే అది నిజాయితీగా సంపాదించిన 0.80. రంగులుగా విడగొట్టేటప్పుడు కూడా ఒకటి చూడు: ఎరుపు ప్రాంతంలో ఎంత శాతం, అందులో చరియలు ఎంత శాతం? ప్రాంతంలో సగం ఎరుపు పూసి చరియలన్నీ పట్టానంటే అధికారి ఆ మ్యాప్‌తో ఏం చేయగలడు?

ఇక ఎరుపును కిందికి దించే పని. నీ జాబితాలోని ప్రతి బురద ప్రవాహానికీ, పై అంచు నుంచి కింది అంచు దాకా ఎత్తు తేడా, అడ్డదూరం కొలువు. 500 మీటర్లు దిగి 2 కిలోమీటర్లు పోతే నిష్పత్తి 0.25, సుమారు 14 డిగ్రీల కోణం. అన్నిటిలోకీ చిన్న కోణం ఏదో అది ఆ ప్రాంతపు బురద ఎంత దూరం పోగలదో చెబుతుంది. ఇప్పుడు ఎరుపు పిక్సెళ్ళ ప్రతి గుంపు నుంచి నీటి దారి గీయి, గ్రాస్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్.డ్రెయిన్ చాలు. పై అంచు నుంచి కొలిచిన కోణం ఆ చిన్న కోణం కంటే తగ్గే దాకా దారి వెంట దిగుతూ పో. దారికి రెండు వైపులా, కొండ మీద నువ్వు కొలిచిన పాత ప్రవాహాల వెడల్పు ఇవ్వు. లోయ విప్పుకునే చోట, వాగు వంపు తిరిగే బయటి ఒడ్డున ఇంకాస్త ఎక్కువ ఇవ్వు, బురద అక్కడ వంపు తిరగకుండా నేరుగా ఎక్కేస్తుంది. ఇంతకంటే బాగా చేయాలంటే ఫ్లో-ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వాగు దాటే రోడ్డు కల్వర్టులు మర్చిపోకు. చెట్లు, బండలు అడ్డుపడి కల్వర్టు మూసుకుపోతే బురద రోడ్డు వెంట పక్క వీధిలోకి మళ్ళుతుంది. డీఈఎంకు ఆ సంగతి తెలియదు, నువ్వే చేత్తో గీయాలి.

ఆ దారి మీద ఇళ్ళు వేసి లెక్కపెట్టు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చిన్న గూడేలు తరచు ఉండవు, గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ కాస్త మెరుగు, ఆ పైన చిత్రం చూస్తూ నువ్వే దిద్దు. మనుషులను రాత్రి ఎక్కడ పడుకుంటారో అక్కడ లెక్కపెట్టు. వయనాడ్‌లో అందరూ నిద్రలో ఉన్నారు. ఆశ్రమ పాఠశాల హాస్టళ్ళను విడిగా గుర్తించు, ఒకే కప్పు కింద వందల మంది పిల్లలు ఉంటారు.

వాన గురించి క్లుప్తంగా చెబుతాను. ఎంత వానకు చరియలు మొదలవుతాయో కెయిన్ అనే పరిశోధకుడు 1980లో ఇచ్చిన సూత్రం ప్రకారం, 24 గంటల వానైతే గంటకు సుమారు 4.3 మిల్లీమీటర్లు, అంటే రోజుకు 103. అది ప్రపంచమంతటికీ గీసిన కనీస గీత. వాతావరణ శాఖ (ఐఎండీ) లెక్కలో రోజుకు 64.5 మిల్లీమీటర్ల నుంచే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. కాబట్టి ఆ గీతతో హెచ్చరిక పెడితే చాలాసార్లు ఉత్తుత్తి హెచ్చరికలే వస్తాయి, నాలుగోసారికి ఎవరూ ఇల్లు కదలరు. నీ జాబితాలో తేదీ తెలిసిన చరియలకు, ఆ రోజు వానతో పాటు అంతకుముందు పది, పదిహేను రోజుల వానను కూడా రాసుకో. ఐఎండీ వాన లెక్కలు ఇచ్చే పావు డిగ్రీ గళ్ళు ఒక్కొక్కటి సుమారు 27 కిలోమీటర్లు, కొండా లోయా ఒకే గడిలో పడతాయి. దగ్గరలోని మండల వాన కొలత స్టేషన్ అంకె తప్పక జత చెయ్.

కొండ మీదికి నవంబరులో వెళ్ళు. వానలు తగ్గి ఉంటాయి, గాయాలు ఇంకా పచ్చబడవు. వాన పడుతున్నప్పుడు మాత్రం కోతల కింద నిలబడకు. ఫోన్‌లో క్యూఫీల్డ్ మ్యాప్ యాప్, చేతిలో కంపాస్, 30 మీటర్ల టేపు, చిన్న గునపం చాలు. లోయలో ఫోన్ జీపీఎస్ పదుల మీటర్లు తప్పవచ్చు, ఒక్కో చోట రెండు నిమిషాలు ఆగి సగటు తీసుకో. ఒంగిన చెట్లు, వాలిన కరెంటు స్తంభాలు, కొండ నెత్తిన నెలవంక ఆకారంలో పగుళ్ళు, వేసవిలోనూ తడి ఆరని మట్టి, కొత్తగా మొదలైన ఊట, ఇవి కనిపిస్తే ఫొటో, కొలత. గూడెంలో పెద్దవాళ్ళను ఏ ఏడు, ఏ నెల అని అడిగితే చెప్పలేకపోవచ్చు. ‘ఏ తుపానుకు?’, ‘ఏ పంట చేతికొచ్చే వేళ?’ అని అడుగు, తేదీ దానంతటదే తేలుతుంది. ఊరి పేరు వాళ్ళు పలికినట్టు రాసుకో, రెవెన్యూ రికార్డులో పేరు పక్కన పెట్టు. పేర్లు తారుమారైతే హెచ్చరిక వేరే గూడేనికి వెళ్ళిపోతుంది.

మ్యాప్ ఇచ్చేటప్పుడు 1:50,000 కంటే పెద్ద స్కేలుకు జూమ్ చేసి వాడవద్దని మ్యాప్ మీదే తెలుగులో అచ్చు వేయించు. ఆ స్కేలులో అర మిల్లీమీటరు గీత నేల మీద 25 మీటర్లు, ఒక ఇంటికి అటో ఇటో చెప్పే శక్తి దానికి లేదు. గూడేల వారీగా ఒక పేజీ విడిగా చెయ్: ఏ వాగు వైపు ఇళ్ళు ప్రమాదంలో ఉన్నాయి, రాత్రి వాన ఆగకపోతే ఏ గుట్ట మీదికి, ఏ బాటన వెళ్ళాలి. ఆ బాట కూడా ఎర్ర దారిని దాటకూడదు, అది నువ్వే నడిచి చూడు.

జాబితాలో మొదటి యాభై పాలిగన్‌లు గీశాక ఆ ఫైలు, అవి గీసిన చిత్రాల తేదీలు నాకు పంపు. పోడు చెక్కలు ఎన్ని దూరాయో ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ మామయ్య